కిటికీ గూట్లో మైకు

“మైకు పనిచెయ్యకపోతే పాఠం చెప్పేది నిలిపెయ్. నువ్వు చెప్పకపోతే మూడో తరగతి పిల్లోళ్లు కలెక్టర్లు కాకుండా పోతారా ఏంది?” అన్నాడు మా ఆయన. పొద్దున ఉగ్గాని తినేటప్పుడు మొదలైన వాదన మధ్యాహ్నం కంచాలెత్తే వేళకు కూడా తెగలేదు.

“నిలిపేస్తే ఉద్యోగం పోతాది,” అన్నాను.

“పోతే పోనీ. ఎలక్షన్లు అయినంక సూసుకుందాం. ఇంట్లోకి మనుషులొచ్చే టైము ఇది. లోపల నువ్వు హలో, హలో, వినపడతాందా అని అరుస్తాంటే వాళ్లేమనుకుంటారు?”

మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న మా అత్త పెద్దసుబ్బమ్మ తలెత్తకుండానే అందుకుంది. “దయ్యం పట్టిందనుకుంటారు. గోడతో మాట్లాడే కోడల్ని నేను యాడా సూడలేదమ్మా.”

కరోనాకు బళ్లు మూసేశాక మా ప్రైవేటు స్కూలు పాఠాలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ప్రొద్దుటూరులో మేముండే అద్దె ఇంటి నడిమింట్లో, పప్పుల డబ్బాల పక్కన, మా కొడుకు వీరన్న చదువు కోసం కొన్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని నేను తెలుగు చెబుతున్నాను. ఒక చెవి పిల్లల మీద, ఒక చెవి కుక్కర్ మీద. పద్యం మధ్యలో ఉండగా “ఏమే, టీ” అని కేక వస్తే, పిల్లలకు ఎక్కాలు చూసుకోమని చెప్పి లేచిపోయేదాన్ని. తెలుగు క్లాసులో ఎక్కాలెందుకని అడగనిది ఆ పిల్లలొక్కరే. సోమవారం నుంచి ఆ కాస్త పాఠమూ పోయింది. “రామేశ్వరమ్మ గారూ, మీ పుస్తకం పేజీ కనపడుతోంది, మీరు వినపడడం లేదు,” అని హెడ్‌మిస్ట్రెస్ నిర్మలమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. మొదటిరోజు మర్యాదగా చెప్పింది. నిన్న, “వేరే ఎవరినైనా చూసుకోమంటారా?” అంది.

నేను పిల్లలకు కనపడకపోవడానికి కారణం మా ఆయనే. మొదట్లో కంప్యూటర్ నెత్తిన చిన్న కెమెరా ఉండేది. స్కూల్లో కంప్యూటర్ చెప్పే హుమాయున్ సార్ వచ్చి బిగించిపోయాడు. మొదటి క్లాసు నడుస్తుండగా మా ఆయన నా వెనకనుంచి చెంబు పట్టుకుని పోతూ, తెరమీద తన ముఖం తానే చూసుకుని, ఎవరో పట్టుకోవడానికి వచ్చినట్టు గోడకు ఒదిగిపోయాడు. క్లాసు అయ్యాక, “మన ఇంట్లోకి ఎవరొస్తాండారు, ఎవరు పోతాండారు అనేది ఊర్లో ఇండ్లన్నిటికీ సూపిస్తావా? ఈ కన్ను తీసెయ్,” అన్నాడు. తీసేశాను. వైర్లు పీకొద్దని హుమాయున్ సార్ చెప్పి ఉన్నందుకు వైరు అలాగే ఉంచి, కెమెరాను మాత్రం వచ్చినవాళ్లు కూర్చునే పడసాలకూ నడిమింటికీ మధ్యనున్న కిటికీ గూట్లో పెట్టి, అటు తిప్పి, మీద ఒక మసిగుడ్డ కప్పాను. తర్వాత చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ తెచ్చుకున్నాను, నోటి ముందుకు వంకీ తిరిగి చిన్న మైకు ఉండేది. ఇన్నాళ్లూ దాంతోనే నడిచింది.

మా ఊరు తొండూరు పక్కన. అక్కడ పార్టీ అంటే జెండా కాదు, గంగులయ్య. జెండా రంగు మారుతూ వచ్చింది, గంగులయ్య మారలేదు. వీరన్న నా కడుపులో ఉన్నప్పుడు ఊళ్లో ఒక మనిషిని నరికారు. ఆ రోజు మా ఆయన గొర్రెల మందతో చిలమకూరు పక్క బీళ్లలో ఉన్నాడు. అయినా కేసులో పేరు వచ్చింది. పోలీసులు రాసుకున్నారు, మన తలరాత, అన్నారు ఇంట్లో. చంటిబిడ్డను చంకనేసుకుని జమ్మలమడుగు కోర్టుకు వాయిదా వాయిదాకూ తిరిగాను. ఆయన జైల్లో ఉన్నన్నాళ్లూ పగలు కళ్లానికి పోయి, పొద్దుగూకితే పుస్తకం పట్టి, దూరవిద్యలో డిగ్రీ కట్టాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు. చెప్పుకునేది, ఆ ఏడు పడిన కరువులో గంగులయ్య మా ఇంటికి జొన్నల మూట పంపించిన సంగతి. ఆయన విడుదలయ్యాక ఊరు వద్దని కాళ్లావేళ్లా పడి ప్రొద్దుటూరుకు తెచ్చుకున్నాను. ఇప్పుడు సంతల్లో గొర్రెల బేరాలు చేస్తాడు.

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినదగ్గర నుంచి ఊరే మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. వీధిలో బండి ఆగితే నా చేతిలో ఉన్నది ఏదైనా సరే, గరిటె గానీ చీపురు గానీ, అక్కడే ఆగిపోతుంది. తలుపు వేసిన చప్పుడు ఎలా ఉంది, దిగినవాళ్లు మాట్లాడుకుంటూ వస్తున్నారా, మాట్లాడకుండా వస్తున్నారా, ఇవన్నీ వింటాను. మాట్లాడుతూ వస్తే మనవాళ్లు. పెళ్లయిన కొత్తలో నేర్చుకున్న విద్య ఇది. ఏ బళ్లోనూ చెప్పరు.

కంచాలు కడిగి, ఆయన సణుగుతూ పడసాలలోకి పోయాక, హుమాయున్ సార్‌కు ఫోన్ చేశాను.

“మేడం, వెనకాల గులాబీ రంగు బొక్క ఉంటుంది, మైకు పిన్ను అందులోనే ఉందా చూడండి. పచ్చదాంట్లో పెడితే పాట వస్తుంది, మాట పోదు.”

బల్ల కిందికి దూరాను. బూజు, ఎప్పుడో పడిపోయిన శనగలు. పిన్ను గులాబీ బొక్కలోనే ఉంది. తీసి, చీరకొంగుతో తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కాను.

“ఇప్పుడు కింద మూలన స్పీకర్ బొమ్మ మీద కుడి నొక్కు నొక్కండి. సౌండ్స్‌లోకి పోండి. రికార్డింగ్ అని ఉంటుంది.”

“ఉంది సార్.”

“మాట్లాడండి. పక్కన పచ్చగీతలు లేస్తాయా?”

“పిల్లలూ, బాగున్నారా?” అన్నాను. లేవలేదు. “పిల్లలూ, బాగున్నారా?” అని ఇంకొంచెం గట్టిగా అన్నాను. నా గొంతు నాకే సిగ్గనిపించింది.

అప్పుడే వీధిలో బండి ఆగింది. మాటలు వినపడ్డాయి. మనవాళ్లే. “ఏమే, గంగులయ్య మామ వచ్చినాడు, టీ పెట్టు,” అని కేక. ఫోన్ బల్ల మీద పెట్టి, “ఒక్క నిమిషం సార్,” అని పొయ్యి దగ్గరికి పోయాను.

టీ తీసుకుపోతే గంగులయ్య తెల్ల పంచె సర్దుకుని నవ్వాడు. పెద్ద మనిషి, కూతుర్ని చూసినట్టే చూస్తాడు నన్ను. “ఏం టీచరమ్మా, పాఠాలు యాడిదాకా వచ్చినాయి? మా మనవనికి కూడా రవ్వంత చెప్పమ్మా, వానికి సెల్లు ఇస్తే చాలు, సదువునే అమ్మేస్తాడు.”

“ఆమె మైకు పనిచెయ్యదంట మామా,” అన్నాడు మా ఆయన. “పొద్దన్నించి అదే పంచాయితీ.”

“పనిచెయ్యని మైకే మేలప్పా మనకు,” అన్నాడు గంగులయ్య. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని.

తిరిగొచ్చి ఫోన్ ఎత్తితే హుమాయున్ సార్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. “మేడం, అక్కడ ఒక మైకేనా, ఇంకోటి కనపడుతుందా?”

ఇంకోటి ఉంది. దాని పక్కన టిక్కు గుర్తు కూడా ఉంది. నేను చూస్తుండగా దాని పక్కన పచ్చగీతలు పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ లేచాయి. నేను నోరు తెరవలేదు. నడిమింట్లో ఎవరూ లేరు. మా అత్త దొడ్లో గొర్రెపిల్లకు ఆకు వేస్తోంది. గీతలు మాత్రం ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు లేస్తూనే ఉన్నాయి.

“ఎవరైనా మాట్లాడుతున్నారా మేడం?”

“ఎవరూ లేరు సార్,” అన్నాను. అంటూనే కిటికీ గూటి వైపు చూశాను. మసిగుడ్డ. దాని కిందినుంచి నల్ల వైరు.

“అది మీ కెమెరాలో ఉండే మైకు,” అన్నాడు ఆయన తేలిగ్గా. “కంప్యూటర్ అప్‌డేట్ అయినప్పుడు తనకు నచ్చినదాన్ని పట్టుకుంటుంది. సోమవారం నుంచి మిమ్మల్ని వదిలేసి దాన్నే వింటోంది. ఏం లేదు, మీ హెడ్‌ఫోన్ మీద నొక్కి డిఫాల్ట్ అని పెట్టండి. కావాలంటే ఏది వింటోందో రికార్డు చేసి చూసుకోండి.”

“మళ్లా చేస్తా సార్,” అని పెట్టేశాను.

సార్ చెప్పినట్టు ఒక్క నొక్కు నొక్కి లేచిపోయి ఉంటే ఈ మధ్యాహ్నం కూడా మిగతా మధ్యాహ్నాల్లాగే గడిచిపోయేది. ఎందుకు రికార్డు నొక్కానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సోమవారం నుంచి నా నోట్లోంచి ఊడిపోయిన పాఠం ఎటు పోయిందో చూద్దామనుకున్నానేమో. నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పడసాలలో సన్నగా గొణుగుడు తప్ప చెవికి ఏమీ ఆనలేదు. కాసేపటికి ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

మొదట హోరు. తర్వాత టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు, నా చెవి పక్కనే పెట్టినట్టు. తర్వాత గంగులయ్య.

“ఎల్లుండి అవతలి పార్టీ వాళ్లు నామినేషన్ కాగితాలు పట్టుకుని ఆఫీసు గడప తొక్కకూడదు. తలకాయలు పగుల్తాయి, కేసయితాది, అది మామూలే. మావోని పేరు మాత్రం రాకూడదు నాగప్పా. సర్పంచికి నిలబడేటోడు. వానికి బదులు ఇచ్చే పేర్లు మనమే అనుకుని పెట్టుకోవాల, మల్ల స్టేషన్‌లో తడుముకోకుండా.”

“మా వీరన్న పేరు పెట్టుకో మామా.” మా ఆయన గొంతు. సంతలో గొర్రెపిల్లను అమ్మేటప్పుడు కూడా ఇంతకంటే గట్టిగా బేరమాడతాడు. “సదువుకునే పిల్లోడు, యాడా కేసు లేదు. బెయిలు బిరీన వస్తాది.”

“పిల్లోన్ని ఒక మాట అడిగినావా?”

“అడిగేదేముంది? మా నాయన నన్ను అడిగి ఇచ్చినాడా నా పేరు? నేను సచ్చిపోతినా?”

“ఇంట్లో ఆడమనిషి?”

“ఆమెకేం తెలుస్తాది మామా. ఆమెకు ఆ మైకుతోనే సరిపోతాంది.”

నవ్వులు. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

హెడ్‌ఫోన్ తీయడానికి చేతులు రాలేదు. పోలీసులు రాసుకున్నారనే అనుకున్నాను ఇన్నేళ్లూ. జమ్మలమడుగు బస్సులో, చంకలో బిడ్డతో, నేను తిట్టుకున్నది పోలీసుల్నే. ఆ పేరు ఇచ్చింది మా మామ. ఈయన్ను కన్నతండ్రి. కోర్టు మెట్ల మీద నా పక్కన కూర్చుని, “ఏం చేస్తామమ్మా, తలరాత,” అని కండువాతో కళ్లొత్తుకున్నది ఆ మనిషే. మా అత్తకు తెలియకుండా ఉంటుందా? తెలిసే నాకు సద్ది కట్టి పంపించేదా కోర్టుకు?

అంతలోనే ఇంకో భయం, మొదటిదాన్ని తోసుకుని వచ్చింది. సోమవారం నుంచి ఈ మైకే కదా పిల్లల ఇళ్లకు పోతున్నది. మాటలు పోయాయా? ఏ ఇంట్లో, ఎవరు, అన్నం తింటూ విన్నారు? అవతలి పార్టీ వాళ్ల చుట్టాలు ప్రొద్దుటూరులో ఏ వీధిలో లేరు గనక? నిర్మలమ్మకు ఫోన్ చేశాను. “మేడం, నేను వినపడనప్పుడు ఇంకేమన్నా వినపడిందా?”

“గుయ్యిమని హోరు. ఎవరో దూరంగా గొణిగినట్టు. పిల్లలు నవ్వుకున్నారు, అంతే. ఎందుకమ్మా?”

“ఏం లేదు మేడం. మైకు దొరికింది. రేపటినుంచి చెప్తా.”

హెడ్‌ఫోన్ మీద నొక్కి డిఫాల్ట్ పెట్టాను. పచ్చగీతలు నా ఊపిరికి లేచాయి. సంతోషం రాలేదు. రికార్డు తుడిచేశాను. అది చెత్తబుట్ట బొమ్మలో కూర్చుంది. అక్కడనుంచీ తుడిచేశాను. అయినా అది ఆ డబ్బాలో ఎక్కడో ఉంటుందేమో, ఎవరైనా వచ్చి నొక్కితే గంగులయ్య గొంతు లేస్తుందేమో అని, కంప్యూటర్ ఆర్పేసి, గోడకున్న ప్లగ్గు కూడా పీకేశాను. ఆ మాటలు నా దగ్గర ఉన్నాయని తెలిస్తే ఆ మనుషులు ఏం చేస్తారో ఆలోచించడానికి కూడా ధైర్యం చాల్లేదు.

సాయంత్రం దాకా పనులు వాటంతటవే జరిగాయి. కసువూడ్చాను, సంగటికి ఎసరు పెట్టాను, ఆరిన బట్టలు మడిచాను. వీరన్న చొక్కా మడుస్తూ కాలరు దగ్గర ఆగిపోయాను. కేసులో పేరంటే పోలీసుల కాగితమొక్కటే కాదు. ఆ పేరును అవతలి పార్టీ వాళ్లూ చదువుతారు. చదివి గుర్తుపెట్టుకుంటారు. బెయిలు మీద వచ్చిన పిల్లవాడు బస్సు దిగే చోటు, టీ తాగే చోటు, వాయిదాకు పోయే దారి, అన్నీ వాళ్లు నేర్చుకుంటారు. ఇంక నేను ప్రతి బండి చప్పుడుకూ చెవి పెట్టాల్సింది ఆయన కోసం కాదు, వీడి కోసం.

పిల్లవాడిని తీసుకుని కడపలో మా చెల్లెలింటికి పారిపోదామా అనుకున్నాను. బట్టలు సంచిలో కుక్కాను కూడా. కుక్కుతుండగా అర్థమైంది. పారిపోయి ఏం లాభం? నరికిన రోజు మా ఆయన మందతో చిలమకూరు బీళ్లలోనే ఉన్నాడు కదా. పేరు ఇవ్వడానికి మనిషి అక్కడ ఉండాల్సిన పనిలేదు. వీరన్న కడపలో ఉన్నా, కాశీలో ఉన్నా, వాడి పేరు తొండూరులో కొట్లాడుతుంది. సంచిలో బట్టలు మళ్లీ తీసి పెట్టెలో పెట్టేశాను. అప్పుడు కూర్చుండిపోయాను నేలమీద. భయంలో కూడా ఒక ఆశ ఉంటుంది, ఎక్కడికో ఒకచోటికి పోవచ్చని. అదీ లేని భయం అది.

చీకటి పడేసరికి వీరన్న వచ్చాడు, కొత్త తెల్లచొక్కా కవరు ఊపుకుంటూ. “మా, గంగులయ్య తాత ఇప్పించినాడు. రేపు గండి గుడికి పోయి టెంకాయ కొట్టుకుని, ఎల్లుండి నామినేషన్‌కు పోతాం. ముందర బండ్లో నేనే.”

“పోయి ఏం చేస్తావు?”

“ఊరికే కూర్చునేదే మా. జై కొట్టి రావడమే.” వాడి పైపెదవి మీద చెమట. ఇరవై ఏళ్లు నిండినా సంగటి ముద్ద ఇంకా నేనే చేసి పెట్టాలి వాడికి.

“నీ పిల్లోడు పెద్దోడైనాడు, ఇంగ కొంగు వదులు,” అంది మా అత్త. గొంతులో గర్వమే ఉంది. ఆమె ముఖంలోకి చూశాను. ఈమె కూడా ఒకప్పుడు ఇలాగే సంగటి కెలుకుతూ, మా మామ తన కొడుకు పేరు ఇస్తుంటే విని, తెడ్డు ఆపకుండా కెలికి ఉంటుంది. భయపడే కెలికి ఉంటుంది. ఆ భయం ఆమెను ఇంతదాకా తెచ్చింది. నన్ను ఎక్కడికి తీసుకుపోతుంది?

అందరికీ వడ్డించాను. సంగటి, గోంగూర, వీరన్నకు కాస్త నెయ్యి. వడ్డించి లోపలికి పోకుండా అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“ఎల్లుండి కేసులో వీరన్న పేరు పెట్టొద్దు,” అన్నాను.

వీరన్న ముద్ద నోటి దగ్గరే ఆగింది. “ఏం కేసు?”

మా ఆయన తల ఎత్తలేదు. “ఎవరు చెప్పినారు నీకు?”

“నువ్వే చెప్పినావు. మధ్యాహ్నం, పడసాలలో. కిటికీలో ఉండేదానికి కన్నొకటే అనుకున్నావు. దానికి చెవి కూడా ఉంది. మీ నాయన నీ పేరిచ్చిన సంగతి కూడా విన్నా.”

మా అత్త చేతిలో నీళ్ల గ్లాసు ఒలికింది. ఎవరూ తుడవలేదు. ఆయన కళ్లు మొదట కిటికీ గూటి మీదికి పోయాయి, తర్వాత కంప్యూటర్ మీదికి. లేవబోయాడు. “యాడుంది అది? ఎవరికి వినిపించినావు?”

“ఎవరికీ ల్యా. తుడిచేసినా.”

ఆయన మళ్లీ కూర్చున్నాడు. భుజాలు దిగాయి. ఊపిరి వదిలాడు. “మంచి పని చేసినావు,” అన్నాడు, దాదాపు ప్రేమగానే. “ఆడోళ్లకు తెలిసే సంగతులు కావివి. ఆ మనిషి ఉప్పు తిన్నాం మనం. బెయిలు రెండు నాళ్లలో వస్తాది. నేను సూసుకుంటా, నువ్వు గమ్మునుండు.”

“నాయనా,” అన్నాడు వీరన్న.

అప్పుడు కూడా గమ్మునే ఉండిపోతాననుకున్నాను. రేపొద్దున ఈ ఇంట్లో నా బతుకేమిటో, గంగులయ్యకు తెలిస్తే ఏమిటో, ఈయన మీదికి ఏమొస్తుందో, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకు వచ్చాయి. ఏదీ తగ్గలేదు. మా ఇళ్లలో పెళ్లాం మొగుడి పేరు పలకదు. నేనూ పలకలేదు ఇంతవరకు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో అడిగితే పక్కనున్నవాళ్ల చేత చెప్పించేదాన్ని.

“ఆ కేసులో నా కొడుకు పేరు కనపడిన రోజు, నేనూ స్టేషన్‌కు పోతా,” అన్నాను. గొంతు పెంచలేదు. “వాళ్లు రాసుకునే దానికి ఇంకో పేరిస్తా. నాగప్ప. తండ్రి పేరు పెద్దవీరన్న.”